అందాజు చాలదు, లెక్క కావలెను

ఏ పల్లెకైనను పోయి, పాడిగేదె గల ఇంటి యజమానిని “మీ గేదె రోజుకు ఎంత మేయును?” అని ప్రశ్నించినచో, “అందాజు రెండు మోపులు” అను సమాధానము వచ్చును. మోపు ఎంత బరువు, గడ్డి పచ్చిదా ఎండుదా, అందులో తొక్కి పారవేసినదెంత అని మరల అడిగిన, ఆయన మనవంక జాలితో చూచును. ఈ అందాజు అను మాట మన కళాశాలలోని ఉభయ భాషలకును చెందినది. ఉర్దూ మిత్రులు అందాజా అందురు, మేము అందాజు అందుము. ఇరువురమును దానిని ఎంత ధారాళముగా వాడుదుమనగా, అది తూకమునకు ప్రత్యామ్నాయమన్న భ్రమ మనలో పాతుకొనిపోయినది.

మేము విజ్ఞానశాస్త్ర విభాగమున చివరి సంవత్సరము చదువుచున్న కొందరము. గత సంవత్సరము మేము చేపట్టిన ఒక చిన్న పరిశోధన పేడకు సంబంధించినది. ఆ మాట వినగానే మా తోటివారు నవ్విరి, పెద్దలలో ఒకరు ముక్కు చిట్లించిరి. ఆ నవ్వునకు సమాధానముగను, ఆ పెద్దలకు వినతిగను ఈ వ్యాసము వ్రాయుచున్నాము. పశువు తిన్న మేతను తెలిసికొనుటకు పేడను లెక్కించుటకన్న నమ్మదగిన మార్గము బయలు మేత విషయమున లేదనియు, ఆ లెక్కను విదేశముల పద్ధతిని యథాతథముగా తెచ్చి మన పశువులపై రుద్దక మన ఊళ్లకు తగినట్లు చేయవలెననియు మా అభిప్రాయము.

మొదట, ఈ లెక్క ఎందులకన్న ప్రశ్న. 2019 నాటి 20వ పశుగణన ప్రకారము తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు గలవు, దేశమున ప్రథమ స్థానము మనదే. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన పథకమున ఒక్కొక్క లబ్ధిదారునకు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు, ఖరీదులో 75 శాతము రాయితీ మీద ఇచ్చిరి. తలలు లెక్కించుట సులభము, లెక్కించితిమి. ఆ తలలు మేయు గడ్డిని లెక్కించుట కష్టము, కావున అది అందాజుకు వదలివేయబడినది. ఒక్కొక్క గొర్రె మేతలో మన అంచనా 100 గ్రాములు తప్పినదనుకొనుడు. పిడికెడు ఎండుగడ్డి. 1.91 కోట్ల గొర్రెలకు అది రోజుకు 1,910 టన్నులగును. కరవు సంవత్సరమున పశుగ్రాసము ఎంత తెప్పించవలెనో నిర్ణయించువారి కాగితములమీద ఈ పిడికెడు గడ్డి ఎంత బరువు తూగునో పాఠకులు ఊహింపవచ్చును.

కొట్టములో కట్టివేసిన పశువు విషయమున చిక్కు తక్కువ. వేసినది తూచి, మిగిల్చినది తూచి, తీసివేసిన సరి. చేలగట్టులమీద, చెరువు శిఖములలో, గుట్టల పక్కన మేయు జీవమును ఎట్లు తూతుము? నోటిలోనికి పోవునది కంటికి కనబడదు. వెలుపలికి వచ్చునది మాత్రము దొరకును. తిన్నదానిలో జీర్ణము కాని భాగమే పేడగా వచ్చును గనుక, పేడ ఎంతయో, తిన్నదానిలో నూటికి ఎంత జీర్ణమైనదో తెలిసినచో మేత తెలియును. పేడ శుష్క పదార్థమును, జీర్ణము కాని పాలుతో భాగించుటయే. ఆరవ తరగతి పిల్లవాడు చేయగల భాగహారము. కష్టమంతయు ఆ రెండు సంఖ్యలను సంపాదించుటలో ఉన్నది.

పేడను సంపూర్ణముగా సేకరించుట అన్నిటికన్న పాత పద్ధతి. పశువు వెనుక తోలు పట్టీలతో సంచి కట్టి, ఐదారు రోజులు, రోజుకు ఒకటి రెండు మార్లు దానిని విప్పి తూతురు. పొట్టేళ్లకు ఇది కుదురును. ఆడ జీవములకు మూత్రము పేడలో కలియకుండ వేరు ఏర్పాటు చేయవలెను. పెద్ద పశువునకు నిండిన సంచి బరువు తక్కువది కాదు. పట్టీలు ఒరసికొని పుండ్లు పడును, బెదరిన పశువు మేత తగ్గించును. మేత తగ్గిన పశువును కొలిచి అది సహజమైన మేత అనుట మనలను మనము వంచించుకొనుటయే. అందుచేత వందల పశువులపై ఈ పద్ధతి సాగదు.

అచ్చటనే శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయము కనుగొనిరి. ఒక చెరువులో నీరెంత గలదో తెలియవలెనన్న, చెరువునంతయు తోడనక్కరలేదు. తెలిసిన బరువు గల రంగును అందులో కలిపి, బాగుగ కలిసిన పిమ్మట ఒక చెంబెడు నీరు తీసి, అందులో రంగు ఎంత పలుచబడినదో చూచిన చాలును. అట్లే, జీర్ణము కాని, రక్తములోనికి పోని, ప్రేగులలో నిలిచిపోని, పశువునకు హాని చేయని ఒక పదార్థమును ప్రతిదినము తెలిసిన పరిమాణములో పశువుచేత మ్రింగించి, కొన్ని దినములకు పేడలో పిడికెడు తీసి పరీక్షింతురు. ఆంగ్లములో దీనిని మార్కర్ అందురు. మేము గుర్తు పదార్థమని పిలుతుము. ఇచ్చిన పరిమాణమును, ఒక కిలో పేడలో కనబడిన పరిమాణముతో భాగించిన రోజుకు వచ్చు పేడ తెలియును. మేతలోనే సహజముగా నున్న జీర్ణము కాని పదార్థమును గుర్తుగా గ్రహించుట మరియొక శాఖ. 1874లోనే వైల్ట్ అను శాస్త్రజ్ఞుడు గొర్రెలలో సిలికాను ఇట్లు వాడెను. 1918లో స్వీడను దేశీయుడైన ఎడీన్ క్రోమిక్ ఆక్సైడు అను పచ్చని పొడిని సూచించెను. తరువాతి కాలమున ప్రపంచమంతటను పరిశోధనశాలలలో ఆ పచ్చని పొడియే రాజ్యమేలినది.

ఒక ఉదాహరణ చూతము. ఒక ఆవునకు రోజుకు 10 గ్రాముల క్రోమిక్ ఆక్సైడు ఇచ్చితిమి. పేడ శుష్క పదార్థమున కిలోకు 4 గ్రాములు కనబడినది. అనగా రోజుకు రెండున్నర కిలోల శుష్క పేడ. మేతలో నూటికి 55 పాళ్లు జీర్ణమైనదన్నచో, జీర్ణము కానిది 45 పాళ్లు, రెండున్నరను 0.45తో భాగించిన 5.56 కిలోల మేత. ఇంతవరకు ఇంపుగనే యున్నది. కాని ఆ జీర్ణీయత 50 అయినచో మేత 5 కిలోలే. 60 అయినచో 6.25 కిలోలు. జీర్ణీయతను ఐదు పాళ్లు అటో ఇటో తప్పుగా గ్రహించిన, మేత లెక్క నూటికి పది పన్నెండు పాళ్లు తప్పును. ఇచ్చిన పొడి అంతయు పేడలో తిరిగి దొరకదు గూడ. పదింట తొమ్మిది పాళ్లే దొరికినచో, పేడలో గాఢత 3.6కు తగ్గి, పేడ 2.78 కిలోలని మనకు తప్పుడు సమాచారము వచ్చును. పోయిన పొడి పెరిగిన పేడగా కనబడునన్నమాట! కావున ఎవరేని “ఈ పశువు ఇంత మేయుచున్నది” అని దశాంశ స్థానములతో సంఖ్య చెప్పినపుడు, గుర్తు పదార్థము నూటికి ఎంత తిరిగి దొరకినదని అడుగుట విద్యార్థుల హక్కు. ఆ ప్రశ్నకు బదులు లేని సంఖ్య అందాజుకు కోటు తొడిగినట్టిది.

పశువు పొట్ట చెరువువంటిది కాదన్న సంగతియు మరువరాదు. రూమెన్ అను పెద్ద పొట్టలో పీచు ఒక వేగముతో, నీరు ఒక వేగముతో, బరువైన పొడి మరియొక వేగముతో కదలును. ఉదయము ఒక్కసారి పొడి ఇచ్చినచో, పేడలో దాని గాఢత దినమంతయు సమముగా నుండక ఒకపుడు హెచ్చును, ఒకపుడు తగ్గును. అందుచేత రెండు పూటల ఇచ్చుట, వారము దినములు ఇచ్చి నిలకడకు వచ్చిన పిదపనే నమూనాలు తీయుట, వేరువేరు వేళల నమూనాలను కలుపుట ఆచారమైనది. ఆస్ట్రేలియావారు పొట్టలో నిలిచి దినదినము కొద్దికొద్దిగా పొడి విడుచు గుళికలను గూడ చేసిరి. మంచి ఉపాయమే, కాని ఖర్చుతో కూడినది.

ఇక మా ముఖ్యమైన అభ్యంతరమునకు వత్తుము. ఈ క్రోమిక్ ఆక్సైడును మన ఊళ్లలోని పశువులకు ఇయ్యవచ్చునా? మేము ఇయ్యరాదందుము. ఐరోపా పచ్చికబయళ్లలో పేడ పడినచోటనే పడియుండి మట్టిలో కలియును. మన పేడ అట్లు కాదు. అది వాకిట కళ్లాపియగును, గోడమీద పిడకయగును, పొయ్యిలో మంటయగును. ఆ బూడిదతో గిన్నెలు తోమువారు నేటికిని కలరు. క్రోమిక్ ఆక్సైడులోని త్రిసంయోజక క్రోమియం నీటిలో కరగనిది, పశువునకు పెద్ద హాని చేయనిది, నిజమే. కాని క్షారముల సమక్షమున, గాలి తగులునట్లు, అధికమైన వేడిమికి గురిచేసినపుడు అది షట్సంయోజక క్రోమియముగా మారునని మా రసాయన శాస్త్ర పాఠ్యగ్రంథములే చెప్పుచున్నవి. క్రోమైటు ఖనిజమునుండి క్రోమేటులను పరిశ్రమలలో తయారుచేయునది ఈ విధముగనే. షట్సంయోజక క్రోమియం క్యాన్సరు కారకము. పిడకల బూడిదలో పొటాషియం, కాల్షియం క్షారములుండును. పొయ్యిలో వేడియు గాలియు ఉండును. రోజుకు 10 గ్రాముల చొప్పున పన్నెండు దినములకు ఒక్క పశువు 120 గ్రాములు విడుచును. అందులో ఎంత మారునో, మారదో తరువాత తేలవచ్చును. అది తేలువరకు పేద ఇల్లాలి పొయ్యి మన ప్రయోగశాల కారాదు. పరిశోధనశాల ఆవరణలో, పేడనంతయు వేరుగా పాతిపెట్టగలవారు చేసికొందురు గాక.

క్రోమియమునకు బదులు టైటానియం డయాక్సైడు అను తెల్లని పొడిని నేడు విరివిగా వాడుచున్నారు. మేము దానిని అంతగా తప్పుపట్టము. అయినను యూరోపియన్ యూనియన్ 2022లో దానిని మనుష్యుల ఆహారములో నిషేధించినదన్న మాట గుర్తుంచుకొనదగినది. అన్నిటికన్న తెలివైన పద్ధతి 1986లో స్కాట్లండులో మేయ్స్ మున్నగువారు ప్రకటించినది. ఆకులపై మైనపు పూత నుండును గదా, అందులో బేసి సంఖ్య కర్బనములు గల ఆల్కేనులు అధికము, సరి సంఖ్యవి మిక్కిలి తక్కువ. మేతలో సహజముగా నున్న 33 కర్బనముల ఆల్కేనును, మనము మ్రింగించిన 32 కర్బనముల ఆల్కేనును పేడలో పోల్చి చూతురు. రెండును పూర్తిగా తిరిగి దొరకవు. కాని రెండును దాదాపు ఒకే పాలులో నష్టమగును గనుక ఒకదాని తప్పు రెండవదానితో కొట్టుకొనిపోవును. తప్పును తప్పుతో కడిగిన ఈ ఉపాయము చదివినపుడు మేము నిజముగా ముగ్ధులమైతిమి. కాని దీనికి గ్యాస్ క్రొమటోగ్రాఫు కావలెను. మన కళాశాల అట్టి యంత్రమును కొనవలెనని మేము కోరము. ఉన్న త్రాసులకు తాళము తీయించుటయే మాకు కష్టమైనది.

మిగిలినది ఆమ్లములో కరగని బూడిద. 1977లో వాన్ కూలెన్, యంగ్ అనువారు దీనిని పశువుల జీర్ణీయత కొలుచుటకు సులభముగ మలచిరి. ఎండిన నమూనాను 450 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రియంతయు కాల్చి బూడిద చేయవలెను. దానిని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లములో మరిగించి, వడకట్టి, వేడినీటితో కడిగి, మరల కాల్చి తూచవలెను. మిగులునది ముఖ్యముగా సిలికా. మన పశువుల ప్రధానాహారమైన వరిగడ్డిలో సిలికా సమృద్ధిగ నున్నది. గడ్డిని నాసిరకము చేయు ఆ దోషమే ఇచ్చట గుణమగుచున్నది. మేతలో నూటికి 6 పాళ్లు, పేడలో 12 పాళ్లు ఉన్నచో, సగము మేత జీర్ణమైనదని అర్థము. కొనిపెట్టవలసినది ఆమ్లము మాత్రమే. పశువునకు ఏమియు మ్రింగించనక్కరలేదు. ఎవరి పొయ్యికిని భయము లేదు.

ఈ సులభమైన పద్ధతిలోనే మేము బోల్తాపడితిమి. పాలు అమ్ముకొని జీవించు ఒక ఇంట రెండు గేదెలను ఎన్నుకొంటిమి. గడ్డి తూచి వేయించితిమి. పేడను మాత్రము, తెల్లవారుజామున లేచుటకు బద్ధకించి, ఎండ వచ్చిన తరువాత పోయి నేలమీదనుండి ఎత్తితిమి. లెక్క వేసినపుడు ఆ గేదెలు వట్టి వరిగడ్డిని ఎవరును నమ్మనంత చక్కగా జీర్ణము చేసికొనుచున్నట్లు తేలినది! మేము మహదానందపడి, నివేదిక వ్రాయుటకు ఉద్యుక్తులమైతిమి. ఆ ఇంటి పెద్దమ్మ మా మాట విని, “మట్టితోసహా ఎత్తుకొని పోతిరి గదా నాయనా, అది నా గేదె పేడయా, నా వాకిలియా?” అన్నది. ఆమె చదువుకొన్నది కాదు. ఆమె చెప్పినది మాత్రము అక్షరాల సత్యము. మట్టి అనగా సిలికా. మేతలో 6, పేడలో 12 ఉండవలసినచోట మట్టి కలిసి పేడలో 13.5 అయినచో, జీర్ణీయత 50నుండి 55.6కు ఎగబ్రాకును. రోజుకు 6 కిలోలు మేసిన గేదె పేడ 3 కిలోలకు బదులు 2.67గా కనబడును. రెండవ విడత మేము వేకువనే పోయి, గోనెపట్టా పరచి, పేడ పైభాగమునుండి మాత్రమే తీసితిమి. లెక్క దిగి వచ్చినది. మా ఆనందము కూడ దిగి వచ్చినది.

ఈ బూడిద పద్ధతికి ఒక హద్దు గలదు. అది జీర్ణీయతను చెప్పును గాని, బయట మేయు జీవము పేడ ఎంతయో తనంతట చెప్పజాలదు. పైగా, మందలోని గొర్రె ఏ ఆకును ఏరుకొని తిన్నదో దాని నమూనాయే మనము తీయవలెను. మేకల విషయమున ఇది మరింత కష్టము. అవి మన కన్న మేలుగా వృక్షశాస్త్రము ఎరిగినవి. కావున మా సూచన ఇది: మందలో నాలుగైదు పొట్టేళ్లకు మాత్రము సంచులు కట్టి పేడను పూర్తిగా తూచుట, వాటి వెంట నడచి, అవి కొరికిన ఆకులనే చేతితో గిల్లి తెచ్చుట, జీర్ణీయతను బూడిదతో కొలుచుట. నాలుగు పొట్టేళ్లు మందనంతను చెప్పజాలవని అభ్యంతరము రావచ్చును. నిజమే, చెప్పజాలవు. వచ్చిన సంఖ్యతోపాటు ఎంత అటునిటుగా ఉండగలదో గూడ ప్రకటింతుము. నాలుగు పొట్టేళ్ల నిజమైన తూకము ఒక్కటియును తూచని కోటి గొర్రెల అందాజుకన్న మేలు.

దీని ఉపయోగము పశుగ్రాసముతో ఆగదు. వాతావరణమునకు హాని చేయు మీథేను వాయువు పశువులనుండి ఎంత వచ్చుచున్నదని నేడు ప్రపంచము మనలను లెక్క అడుగుచున్నది. ఆ లెక్కకు మూలము గూడ మేతయే. ఐ.పి.సి.సి. 2006 నాటి మార్గదర్శకముల ప్రకారము కిలో శుష్క మేతకు 18.45 మెగాజౌళ్ల శక్తి గ్రహించి, అందులో నూటికి 6.5 పాళ్లు మీథేనుగా పోవుననుకొన్నచో, 5 కిలోలు తిను పశువు సాలునకు సుమారు 39 కిలోలు, 6.25 కిలోలు తిను పశువు 49 కిలోలు విడుచునని తేలును. పైన మేము చూపిన ఒక్క జీర్ణీయత తప్పునకే పది కిలోల తేడా! మన పశువులను ఎవరో దూరదేశమున కూర్చుండి దోషులుగా నిలబెట్టినపుడు, మన తూకము మనయొద్ద లేనిచో ఏమని వాదింతుము?

మన ప్రాంతపు ఒక ఆచారమును గూడ ఇచ్చట పేర్కొనవలెను. వేసవిలో కాపరులు తమ మందలను రైతుల చేలలో రాత్రులు నిలుపుదురు. పెంటికలు, మూత్రము నేలకు ఎరువగును. రైతు కాపరికి ధాన్యమో రొక్కమో ఇచ్చును. బేరము తలల లెక్కన జరుగును. చేనిలో రాలిన పెంటికలెన్నో ఇరువురికిని తెలియదు. బేరమాడుటలో దిట్టయైనవాడు గెలుచును, కాపరి తరచుగా ఓడును. రాత్రికి నూరు గొర్రెలు విడుచు శుష్క ఎరువు ఇంత అని మన విద్యార్థులు తూచి, తెలుగులోను ఉర్దూలోను ఒక చిన్న కాగితము అచ్చువేసి పంచినచో, దానిని ఆ చేనిగట్టునే వినియోగింతురు. మన సంచికలలో ప్రతి ఏట వచ్చు వ్యాసములలో ఎన్నిటికి ఆ భాగ్యము దక్కినది?

పాలక సంఘము పెద్దలకు మా విన్నపము పెద్దది కాదు. రసాయన శాస్త్ర ప్రయోగశాలలో మూలనున్న మఫుల్ ఫర్నేసును వారమునకు రెండు రాత్రులు వాడుకొనుటకు అనుమతి కావలెను. “ప్రయోగశాలలోనికి పేడ రారాదు” అని గత సంవత్సరము ఒక పెద్దలు సెలవిచ్చిరి. వారియెడ మాకు గౌరవము గలదు. ఎండబెట్టి, పొడిచేసి, సీసాలో మూతపెట్టి తెచ్చు నమూనాకు వాసన యుండదని సవినయముగా మనవి చేయుచున్నాము. మూసలో కాలిన పిదప అది సన్నని బూడిదయే. గడ్డి బూడిదనుండి దానిని గుర్తించుట మాకే సాధ్యము కాలేదు, చీటీలు అంటించుకొంటిమి. ఫర్నేసు కాలుచున్న రాత్రులలో ఇద్దరము కావలియుందుము. విద్యుత్తు ఖర్చు ఎంతయగునో లెక్కవేసి దరఖాస్తుతో జతపరచితిమి.

జూనియర్ విద్యార్థులలో ఆసక్తి గలవారు వేసవి సెలవులకు ముందే మమ్ములను కలిసికొనవలెను. వేకువన నాలుగు గంటలకు లేవగలవారు మాత్రమే. పొట్టేళ్లను ఇచ్చుటకు ఒక కాపరి అంగీకరించెను, పుండు పడినచో వెంటనే సంచి విప్పివేయవలెనన్న షరతుతో. షరతు న్యాయమైనది. కళాశాల ఎదుట కూర్చుండు దర్జీ సంచులు కుట్టెదనని మాట ఇచ్చెను. గట్టి కాన్వాసు గుడ్డ మాత్రము మేమే తేవలెనట, పట్టీలకు లోపలివైపు మెత్తని గుడ్డ వేయుట తన బాధ్యతయట.